నూతన ఘంటాపథం

అవతారిక

ప్రతి శాస్త్రానికీ ప్రమాణం అడిగే ఈ దేశంలో, ఏ ప్రమాణమూ అక్కర్లేకుండా వర్ధిల్లుతున్న శాస్త్రం మైలేజి ఒక్కటే. "మన బండి 18 ఇస్తది బావా" అని మా ఎల్లారెడ్డి బామ్మర్ది పెండ్లి పందిట్లో అంటాడు, దినాల భోజనం దగ్గర అంటాడు, దవాఖానలో రోగి మంచం పక్కన కూర్చొని కూడా అంటాడు. ఆయనది పదిహేనేళ్లు దాటిన డీజిల్ వ్యాను. మాదీ ఆ ఈడుదే. టెంట్ హౌస్ సామాను మోస్తుంది: కుర్చీలు, గంజులు, షామియానాలు. ఢిల్లీలో 10 ఏళ్లు దాటితే డీజిల్ బండి బతుకు కోర్టులకెక్కుతుంది. కామారెడ్డిలో ఆ వయసుకే దానికి మీసాలు మొలుస్తాయి.

"మరి మాది ఎందుకు ఇయ్యదు?" అని నేను అడిగింది మా మెకానిక్కును. అతడు వ్యాను కిందనుంచి బయటికి రాకుండానే అన్నాడు: "ముందుగాల గాలి చూస్కో సారూ. కాలు అల్కగ పెట్టు. గేరు మార్చేటప్పుడు ఇంజను ఒర్లద్దు. పొగ ఏం చెప్తదో గదే నమ్ము." ఈ సూత్రాలకు ఆటవెలది తొడిగింది నేను. నాలుగో పాదం మాత్రం బామ్మర్దిని ఉద్దేశించి నేను చేర్చినది. ప్రక్షిప్తమని పరిష్కర్తలు తోసేస్తే కాదనను.

మూలం

గాలి చూడు ముందు, కాలు తేలికగుంచు,
గేరు మార్చు వేళ కేక లేక;
పొగను చూసి నమ్ము, పుస్తకమ్ములు కాదు;
మైలురాయి చూచి మాటలాడు.

వ్యాఖ్యాతృ ప్రశంస

వ్యాఖ్యానం మొదలుపెట్టే ముందు వ్యాఖ్యాతల చక్రవర్తికి మొక్కాలి. అందుకు కాశీ పోనక్కర్లేదు. ఎల్లారెడ్డి దాటి, మెదక్ దాటి ఇంకొంత పోతే కొల్చారం. మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచల అక్కడిదే. కాళిదాసు మూడు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు రాసినవాడు మన పొరుగూరివాడు. ఘంటాపథమంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. భారవి కవిత్వం కొబ్బరికాయ వంటిదని, పగలగొట్టి లోపలి రసం అందిస్తున్నానని ఆయనే మొదట్లో చెప్పుకున్నాడు. నారికేళపాకమని మనం బళ్లో బట్టీపట్టినది ఆ పోలికనే.

ఆయన నియమాలు రెండు. ఆధారం లేనిదేదీ రాయడు. అక్కర్లేనిదేదీ చెప్పడు. రెండో నియమాన్ని నేను ఈపాటికే తప్పాను, ఇకముందూ తప్పుతాను. అయితే మొదటిది వదలను. 'అమూలం' అనే మాటకు మల్లినాథుడు భయపడినట్టు ఇవాళ ఎవరూ భయపడరు. ఆరు శతాబ్దాల కింద, రవాణా సౌకర్యం ఎడ్లబండైన రోజుల్లో, ఒక్క పాఠం తేల్చడానికి ఆయన కోశాలు, వ్యాకరణం, అలంకారం, ధర్మశాస్త్రం అన్నీ దింపి సాక్ష్యం అడిగాడు. ఆ నేల మీదనే, అదే దారిలో, డీజిల్ పోయించినప్పుడు చీటీ కూడా దాచుకోని మనిషి 18 అంటాడు.

వ్యాను సంగతికి వస్తాను.

టీక

గాలి: శ్లేష. మొదటి అర్థం టైరులో గాలి. మెత్తబడ్డ టైరు ప్రతి చుట్టుకూ నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది, ఆ వేడికి మూల్యం డీజిలే. పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. బంకులో 'గాలి ఉచితం' అని బోర్డు ఉంటుంది, మిషన్ మీద గోనెసంచి కప్పి ఉంటుంది. అడిగితే గాలి కొట్టే పిల్లగాడు తిననీకి పోయిండంటారు. ఏ పూట పోయినా అదే భోజనం. లీటరు 95 రూపాయలు దాటి, అందులో రాష్ట్రం వ్యాట్ 27 శాతం వంతున కలిసి, ముక్కుపిండి తీసుకుంటున్న చోట ఉచితమన్న ఆ ఒక్క గాలీ దొరకదు.

రెండో అర్థం ఇంజను పీల్చే గాలి. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలాలంటే దాదాపు 10,000 లీటర్ల గాలి కావాలి. మనం కొనేది ఒక పాలు, ఊరికే వచ్చేది పదివేల పాళ్లు. ఆ ఊరికే వచ్చేదాని దారి మూసి, కొన్నదాన్ని పొగగొట్టం నుంచి వదలడమే మన లోకరీతి. కోతల కాలంలో మా దారి పొడుగునా మక్కలు, వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. ఆ దుమ్మంతా పోయేది ఎయిర్ క్లీనర్‌లోకి. మా వ్యానుది పాత నూనెగిన్నె రకం. మెకానిక్కు క్లిప్పులు ఊడదీసి గిన్నె నా చేతికిచ్చాడు. నూనె వంచితే కారలేదు. అడుగున వేలెడు మందం నల్లటి బురద, మీద మక్కపొట్టు, ఒక తూనీగ రెక్క. గిన్నె కడిగి, గీత దాకా కొత్త నూనె పోయడానికి పట్టిన సమయంలో మా బామ్మర్ది ఫోనులో అయస్కాంతం గురించి చెప్పాడు. డీజిల్ పైపుకు కడితే అణువులు వరుసలో నిలబడతాయట.

ముందు: స్పష్టం.

చూడు: స్పష్టమే గాని ఎవరూ చూడరు.

కాలు తేలికగుంచు: తేలికగ, ఉంచు, అత్త్వసంధి బహుళం. ఇక్కడ పూర్వపక్షం ఒకటుంది. దిగుడులో బండిని న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని పాత డ్రైవర్ల మతం. మహామహులైతే ఇంజను కూడా బంద్ చేస్తారు. సిద్ధాంతం: గేరులో ఉంచి రేసు మీదనుంచి కాలు పూర్తిగా తీస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి, పంపులోని గవర్నరు నాజిళ్లకు డీజిల్ ఆపేస్తుంది. అప్పుడు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో ఇంజను తన ప్రాణం నిలబెట్టుకోవడానికైనా తాగాలి. బంద్ చేసినవాడి గతి వేరు. బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ పంపు ఇంజనుతోపాటే ఆగిపోతుంది, రెండు మూడు తొక్కుళ్లకు పెడలు రాయి అవుతుంది. కనుక పూర్వపక్షం ఖండితం. పూర్వపక్షి బతికి ఉంటే మరుసటి సభలో మళ్లీ వాదిస్తాడు.

కేక లేక: కేక ఉపలక్షణం, మూలుగు కూడా గ్రాహ్యం. రెండో గేరులో ఇంజనును ఒర్లించడం ఒక దోషం. నాలుగో గేరులో 25 మీద ఈడ్చి మూలిగించడం మరో దోషం. ఈ రెండోదాన్ని పొదుపని పిలుస్తారు. పాత డీజిల్ ఇంజను బలమంతా నిమిషానికి 2,000 చుట్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ ఉంచితే చాలు. ఉంచేదెట్లా? కామారెడ్డి వదిలి తాడ్వాయి, లింగంపేట మీదుగా పోయేవాణ్ని అడగండి. 2025 ఆగస్టు చివరి వానకు జిల్లాలో రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోయాయి. అది దైవికం, సరే. దైవికం కానివి కూడా ఉన్నాయి: ప్రతి ఊరి ముందూ సున్నం గీత లేని స్పీడ్ బ్రేకరు, పైపు కోసం తవ్వి మట్టితో పూడ్చిన కాలువ, అతుకు మీద అతుకు. నాలుగు నుంచి రెండు, రెండు నుంచి మూడు, మళ్లీ రెండు. బరువు బండిని ఆపి తిరిగి వేగానికి తెచ్చిన ప్రతిసారీ డీజిల్ మళ్లీ మొదటినుంచి చెల్లించాలి. పొదుపు చేయమని మాకు చెప్పే పోస్టర్లు అచ్చువేసే ఖర్చుతో నాలుగు గుంతలు పూడేవి. డ్రైవరు కాలుకు నేర్పే నీతి రోడ్డుకు ఎవరూ నేర్పరు.

పొగను చూసి నమ్ము: ఆహా. ఇక్కడ నన్ను తొందరపెట్టకండి.

పొగకు, నిప్పుకు గల సంబంధం మీద ఈ దేశం చేసినంత చర్చ మరే దేశమూ చేయలేదు. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతివాడికీ కొండ మీది పొగ తెలుసు. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే, వంటింట్లో చూశాం కదా. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. ఇక్కడిదాకా పిల్లలకు. అసలు సొగసు తిరగేస్తే తెలుస్తుంది. నిప్పు ఉంది కనుక పొగ ఉండాలంటే నైయాయికుడు ఒప్పుకోడు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ ఏది? పొగ రావాలంటే నిప్పొక్కటే చాలదు, తడి కట్టె తోడుండాలి. దానికి ఆర్ద్రేంధనసంయోగమని పేరు పెట్టి, ఉపాధి అన్నారు. పొగ నిప్పు గొప్పతనం కాదు, కట్టెలోని లోపం. ఇంత మాట అన్నవాళ్లు ఇంజను చూడలేదు. మసి పట్టిన పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటున్న ఇల్లాలిని చూసే ఉంటారు, ఆమె పేరు మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. అది వేరే ఫిర్యాదు.

మంచి డీజిల్ ఇంజను అంటే ఆ ఇనుప గుండే: లోపల నిప్పు, బయట పొగ లేదు. చెడ్డ ఇంజను ఏ పొగ వదిలితే ఆ రోగం. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ; క్లీనరు మూసుకుంది, లేదా నాజిల్ తుంపరకు బదులు ధార కొడుతోంది. నీలంపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే డీజిల్ కాలకుండానే బయటికి పోతోంది. కంప్రెషన్ పోయిందో, పంపు టైమింగ్ తప్పిందో చూడాలి. మా వైపు డ్రైవర్లలో కొందరికి నల్లపొగ పౌరుష చిహ్నం. వెనక వచ్చే మోటారు సైకిలు మనిషి మొహం మాడ్చితే తమ బండి 'పికప్' మీద ఉందని లెక్క. పైసలు పొగై పోతుంటే మీసం దువ్వడం ఇక్కడే చూస్తాం.

పుస్తకమ్ములు కాదు: పుస్తకాలు రాసినవాడినే సాక్ష్యం పిలుస్తాను. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పుస్తకం ప్రకటించాడు. అందులో ఆయన ఊహించిన సామర్థ్యం 70 శాతం పైమాట. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను తిప్పి, మ్యూనిక్ ఆచార్యుడు ష్రోటర్ కొలిస్తే తేలింది 26 శాతం. ఆనాటి ఆవిరి యంత్రాలకు అదే అందని ఎత్తు. డీజిల్ ఆ అంకెనే తలకెత్తుకొని లోకం ముందుకు వచ్చాడు. డీజిల్ ఇంజనును కనిపెట్టినవాడే కొలతకు తల వంచి 26కు దిగాడు. మా బామ్మర్ది 18 నుంచి దిగడు.

మీమాంసకులు ఇలాంటి వాక్యాలకు అర్థవాదమని పేరు పెట్టారు. అది స్తుతి, అక్షరాలా తీసుకోరాదు. '18 ఇస్తది' అనే వాక్యానికి బండి మీద యజమానికి గల భక్తి అర్థం, కిలోమీటర్లు కాదు.

మైలురాయి చూచి మాటలాడు: అధ్యాహారం, 'ట్యాంకు నింపించి'. విధి ఇది. ట్యాంకు నిండా పోయించు. తిరుగు. మళ్లీ అదే బంకులో నిండా పోయించు. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించు. ఎక్కాలు వచ్చినవాడెవడైనా చేయగలడు. బామ్మర్ది వ్యానులో కిలోమీటర్ల మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. సూది నిలిచిపోయిన చోటే సాలెగూడు ఉంది. కనుక రోడ్డు పక్క రాళ్లే గతి. వాటిలో కొన్ని మట్టిలో కూరుకుపోయాయి, కొన్నిటి మీద కోచింగ్ సెంటరు కాగితాలు అతికించారు. అయినా ఆయన పక్క సీట్లో కూర్చొని, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకొని, ఒక్కొక్క రాయీ ఏరుకుంటూ నేనే లెక్క వేశాను. రెండోసారి బంకు దగ్గర భాగహారం ఆయన కళ్ల ముందే చేశాను. 11 కూడా నిండలేదు.

బామ్మర్ది కాగితం తీసుకొని, కిందినుంచి పైకి ఓసారి, పైనుంచి కిందికి ఓసారి చూశాడు.

"లెక్క మంచిగనే ఉంది బావా," అన్నాడు. "రాళ్లే దూరం దూరం పాతిండ్రు."