కొబ్బరి వేషం

అన్నయ్యకు షుగరొచ్చిందని వదిన వంటింట్లో పంచదారను నిషేధించింది. దాని డబ్బాలో ఇప్పుడు కొబ్బరి చక్కెర.

పేరు చూసి లౌజు వాసన వస్తుందనుకోకండి. కొబ్బరి పూగెల కోస్తే కారే నీరాను కాచి చేసిన పొడి అది. నూటికి 70 పాళ్లకు పైనే సుక్రోజు. అంటే గోధుమరంగు చొక్కా తొడుక్కున్న పంచదారే! కేలరీలూ ఇంచుమించు అవే. రేటు మాత్రం అది కాదు.

టీ రంగు తిరిగిన సేమ్యా పాయసం వచ్చింది.

‘‘షుగర్ లేదండీ, ఇంకాస్త వేసుకోండి.’’

మూడో గిన్నె. పంచదార రోజుల్లో అన్నయ్య ఒక్కదానితోనే లేచేవాడు, పాపం.

అటకమీద అనకాపల్లి బెల్లం గుర్రుగా చూస్తోంది. దాని రంగూ అదే మరి!

అన్నట్టు, నిషేధం సంగతి గ్లూకోమీటర్‌కు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.