షార్ప్ 5: టీకా తాత్పర్య సహితం

మూలం:

రేపు తెల్లారి 5కి షార్ప్‌గా బయల్దేరుతున్నాం.
సింపుల్ ఫ్యామిలీ రోడ్ ట్రిప్.
ఇల్లే మనతో వస్తోంది, ఇంక టెన్షన్ దేనికి!
ఆల్ సెట్.

అవతారిక. ఈ చతుష్పాదికి కర్త మా అల్లుడుగారు. వెలువడిన స్థలం డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో. కాలం జూన్ నెలలో ఒక శుక్రవారం రాత్రి. అద్దెకు తెచ్చిన 26 అడుగుల క్యాంపర్ ట్రెయిలర్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన నిలబడ్డ ఫొటో దీనికి అనుబంధం. వాట్సాప్‌లో ఉన్న గ్రూపులన్నిటికీ ఏకకాలంలో వెళ్లింది. వెనువెంటనే బొటనవేళ్లు లేచాయి.

ఇంత సుబోధమైన మూలానికి వ్యాఖ్య ఎందుకని శంక. సమాధానం: మన వైపు మామగారు అల్లుణ్ణి ఒక మాట అనడానికి లేదు. పిల్లనిచ్చినవాడు నోరు కట్టుకోవాలి. వ్యాఖ్యాతకు ఆ నిషేధం లేదు. మూలాన్ని నెత్తిన పెట్టుకున్నట్టే కనిపిస్తూ ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. మెదక్ సీమలోని కొలిచెలమలో పుట్టిన మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యలు రాశాడు. ఆ రెండు ఒట్లలో ఒక్కటీ నేను పెట్టుకోవడం లేదు.

టీక. "రేపు", "తెల్లారి", "బయల్దేరుతున్నాం": ఇవి స్పష్టం, వదిలేస్తున్నాను. "షార్ప్‌గా" అన్నది అవ్యయమా, విశేషణమా, శాపమా అన్నదే విచార్యం.

అయిదింటికి ఇంట్లో దీపాలన్నీ వెలిగిన మాట నిజం. ఏడింటికి పిల్లలు లేచారు. ఎనిమిదింటికి నిమ్మకాయల చర్చ. లాగే బండికి నాలుగు చక్రాలు, ట్రెయిలర్‌కు రెండు ఇరుసుల మీద మరో నాలుగు. ఇంట్లో మిగిలిన నిమ్మకాయలు నాలుగే, తక్కినవి రాత్రే పులిహోరలోకి పోయాయి. లాగేదానికి పెట్టాలా, లాగబడేదానికా? స్వయంగతి లేని వస్తువుకు దిష్టి తగలదని నేను సిద్ధాంతం చేశాను. మా వియ్యపురాలు ఒప్పుకోలేదు. "అన్నయ్యగారూ, పడుకునేది అందులోనే కదా" అన్నారు. చెరి రెండూ పెట్టారు. ట్రెయిలర్ తెల్లటి ఒంటికి కుంకుమ బొట్టు పెట్టబోతే మాత్రం అల్లుడుగారు అడ్డంపడ్డారు. మరక పడితే అద్దెవాళ్లు డిపాజిట్‌లో కోస్తారట.

ఇంతలో తొమ్మిదయింది. శనివారం, రాహుకాలం. ఫ్రిజ్‌కు అంటించిన క్యాలెండర్‌లో తొమ్మిది నుంచి పదిన్నర అని ఉంది. ఇక్కడ నేను ఊరుకోలేకపోయాను. ఆ లెక్క ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంగే రోజుది. డాలస్‌లో జూన్ నెలలో సూర్యుడు ఆరుంబావు దాటాక వచ్చి రాత్రి ఎనిమిదిన్నర దాకా పోడు. ఆ పగటిని ఎనిమిది భాగాలు చేస్తే శనివారపు మూడో భాగం పదికి కాస్త ముందు మొదలై పదకొండు నలభై దాకా ఉంటుంది. ఈ గణితాన్ని సభలో వివరించాను. వియ్యపురాలు సంతోషించి, ఎందుకైనా మంచిదని క్యాలెండర్ రాహువునూ నా రాహువునూ కలిపి పాటిద్దామన్నారు. అల్లుడుగారు నా వైపు చూసిన చూపుకు వ్యాఖ్య అక్కర్లేదు.

"సింపుల్". ఈ పదం దగ్గర ఆగాలి. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. వెంట వందమంది దాకా పరివారం, డేరాలు, పల్లకీ, మోసే బోయీలు. 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా మజిలీలన్నీ రాసిపెట్టారు గానీ సింపుల్ అని ఎక్కడా అనలేదు. ఆ మాట అనడానికి ట్రెయిలర్ ఉండాలి.

అసలు విడిదుల గురించి తెలుసుకోవాలంటే మాఘుడి దగ్గరికి వెళ్లాలి. ఆయన రాసిన శిశుపాలవధ ఇరవై సర్గల కావ్యం. నారదుడు వచ్చి శిశుపాలుణ్ణి చంపమని చెప్పేది మొదటి సర్గలో. రెండో సర్గలో మంతనాలు. మూడో సర్గలో కృష్ణుడు ధర్మరాజు యాగానికని ద్వారక నుంచి బయల్దేరతాడు. నేరుగా ఇంద్రప్రస్థం వెళ్లాలి కదా? దారిలో రైవతకం కనిపించింది. అంతే! నాలుగో సర్గ అంతా కొండ. ఒక పక్క ఉదయించే సూర్యుడు, మరో పక్క అస్తమించే చంద్రుడు, నడుమ ఆ కొండ రెండు గంటలు వేలాడేసిన ఏనుగులా ఉందన్న ఒక్క పద్యానికి ఆయన ఘంటామాఘుడయ్యాడు. అయిదో సర్గలో సేన విడిది. ఆరులో ఆరు ఋతువులూ ఒక్కసారే వచ్చి స్వామి సేవ చేస్తాయి. తర్వాత వనవిహారం, జలక్రీడలు, సాయంకాలం. పదో సర్గ మధుపానం. దాని గురించి వియ్యపురాలి ఎదుట నోరెత్తను. అల్లుడుగారి ఐస్‌పెట్టె అడుగున ఏముందో నాకూ తెలుసు. పదకొండులో తెల్లవారుతుంది. పన్నెండులో డేరాలు ఎత్తుతారు. శిశుపాలుడు కోపంతో లేచేది పదిహేనో సర్గలో. చంపవలసినవాణ్ణి కవి అన్నాళ్లు మరిచిపోయాడని విమర్శకులు వేలెత్తి చూపిస్తారు. మరిచిపోవడమే ఆ కావ్యానికి ప్రాణమని నా అభిప్రాయం.

అయిదో సర్గ నాకు మరీ ఇష్టం. పుంఖానుపుంఖంగా పద్యాలు రాసి ఆ విడిదిలో ఒక్క జంతువునీ వదల్లేదు మహానుభావుడు. ఏనుగుల స్నానాలు, గుర్రాల పొర్లాటలు, బరువు దింపుకుని అరమోడ్పు కళ్లతో నెమరువేసే ఎద్దులు. అన్నిటికీ మించి ఒక ఒంటె. వేపాకు నమలడం దాని అలవాటు. వేపరొట్టలో కలిసి ఒక లేత మామిడాకు నోట్లోకి వచ్చింది. వెంటనే ఉమ్మేసింది. ఎలా? వెనకటికి గరుత్మంతుడు నిషాదుల గుంపుతో పాటు నోట్లోకి వచ్చిన బ్రాహ్మణుణ్ణి కక్కేసినట్టు. ఆ కథ భారతం ఆదిపర్వంలోది. అమృతం తేవడానికి పోతూ ఆకలేసి నిషాదుల్ని మింగబోయాడు. వాళ్లలో కలిసి వచ్చిన విప్రుడు గొంతులో నిప్పులా మండాడు. బయటికి రమ్మంటే, నా భార్యనూ వదిలితేనే వస్తానన్నాడు ఆ విప్రుడు. ఒంటె నోటిలో ఇంత భారతం ఇమిడ్చినవాడు మరొకడు లేడు. మా మనవడు ఇవాళ ఉప్మాలోంచి కరివేపాకును సరిగ్గా అలాగే వెలికి పంపాడు. వాడు అలవాటుపడ్డ వేపాకు పేరు సీరియల్. మాఘుడు చూసి ఉంటే ఇంకో పద్యం వచ్చేది. ఈ అర్థాలంకారం పేరు ఉపమ. అందులోనూ శ్రౌతియా, ఆర్థియా అంటే...

ఏం చెబుతున్నాను? ట్రెయిలర్. ప్రకృతమనుసరామః.

ఆరు ఋతువులూ ఒక్కసారి రావడం కవిసమయం అనుకునేవాణ్ణి. టెక్సస్‌లో వంద డిగ్రీలు, మేం పోయే ఎల్లోస్టోన్‌లో జూన్‌లో కూడా మంచు పడవచ్చు. కనుక ఆరు ఋతువులకూ బట్టలు సూట్‌కేసుల్లో కూరారు. రెండు కుక్కర్లు, మిక్సీ, సోనా మసూరి బస్తా, ఇడ్లీ రేకులు, పిల్లల సైకిళ్లు, వియ్యపురాలి పూజాసామగ్రి, నా రెండు నిఘంటువులు. ఇది సింపుల్ ఇత్యర్థః.

"ఇల్లే మనతో వస్తోంది". ఇది ఈ పద్యానికి ఆయువుపట్టు. అద్దెవాళ్ల ప్రకటనలో ఎనిమిది మంది పడుకోవచ్చని ఉంది, మేం ఏడుగురం. 1969లో చంద్రుడి మీది నుంచి దిగిన వ్యోమగాముల్ని నాసావాళ్లు ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్‌ను మార్చి చేసిన గదిలో విడిగా ఉంచారు. డాక్టరునూ ఇంజినీరునూ కలుపుకుని లోపల అయిదుగురే. వాళ్లలో ఎవరికీ పోపు వేసే పని పడలేదు.

ఇల్లంటే గోడలు కాదు, ఇల్లాలేనని పెద్దల మాట. కాబట్టి ఇక్కడ లక్షణావృత్తితో అర్థం చెప్పుకోవాలి: ఇల్లాలు, తన పనంతటితో సహా, మనతో వస్తోంది. మా అమ్మాయి శుక్రవారం రాత్రి పదకొండు దాకా ఆఫీసు కాల్స్‌లో ఉంది. నేను రెండున్నరకు మంచినీళ్లకు లేచేసరికి స్టవ్ దగ్గర నిలబడి రవ్వ వేయిస్తోంది. వేయించిన రవ్వలో ఎండుమిర్చి, ఆవాలు, మినప్పప్పు కలిపి జిప్ కవర్లలో పోసి, ఒక్కో కవరు మీద మార్కర్‌తో రోజూ పూటా రాస్తోంది. చపాతీలు కాగితాల మధ్య పేర్చి ఉన్నాయి. పెరుగు తోడు వేసిన స్టీలు గిన్నెను తువ్వాలు చుట్టి పక్కన పెట్టింది. "పడుకో అమ్మా" అంటే, "అయిపోయింది నాన్నా" అంది. అవలేదు. ఆ గిన్నెను ట్రెయిలర్ సింకులో భద్రంగా పెట్టుకుంది గానీ, ఆ కుదుపులకు సాయంత్రానికి లోపలిది పాలూ కాలేదు, పెరుగూ కాలేదు.

విచిటా ఫాల్స్ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆపాం. నడుస్తుండగా ట్రెయిలర్‌లో ఎవరూ ఉండకూడదు. కనుక ఆగినప్పుడే వంట. మేం చెట్టు కింద కాళ్లు చాపుకున్నాం. రెండు పొయ్యిల ఆ గూట్లో నిలబడి అమ్మాయి పప్పుకి పోపు వేసింది. ఆవాలు చిటపటమనేసరికి పొగ అలారం అందుకుంది. పార్కింగులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అల్లుడుగారు పరిగెత్తి వెళ్లి, తలమీది టోపీ తీసి అలారం కింద విసురుతూ, "ఫ్రెష్ ఫుడ్ కదా మామయ్యగారూ, బయటివి మనం తినలేం" అన్నారు. తినలేనిది ఆయన నాలుక. శిక్ష మాత్రం మా అమ్మాయి చేతులకి.

నూరేళ్ల కిందట హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, టైర్ల ఫైర్‌స్టోన్ మిత్రబృందంగా వేసవుల్లో ఇలాగే కార్లలో విడిదులకు పోయేవారు. తమకు తాము దేశదిమ్మరులని పేరు పెట్టుకున్నారు. ఆ దిమ్మరుల వెనకాల వంటసామగ్రి ఉన్న బండీ, వంటవాళ్లూ వచ్చేవారు. డాబు సంగతి ఎలా ఉన్నా, కనీసం జీతమిచ్చారు.

"ఆల్ సెట్". సెట్ చేసినవారెవరు? వాక్యంలో కర్త లేదు. కర్త లోపించిన చోట అధ్యాహారం చేసుకోవాలని నియమం. అందరూ అల్లుడుగారినే అధ్యాహారం చేసుకుని బొటనవేళ్లు ఎత్తారు.

న్యాయంగా చెప్పాలి. బండికీ ట్రెయిలర్‌కీ ముడి వేయడంలో ఆయన పాండిత్యం నిర్వివాదం. బంతి మీద కొక్కెం కూర్చున్నాక రెండు గొలుసులనూ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేట్టు తగిలించారు; కొక్కెం ఊడినా ముక్కు రోడ్డుకు తగలకుండా ఆ గొలుసుల ఉట్టిలో పడుతుందట. ఏడు సూదుల ప్లగ్గు పెట్టి, నన్ను వెనక నిలబెట్టి, లైట్లు ఒక్కొక్కటే వేసి చూపించారు. ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలని, వెనక బరువెక్కితే హైవే మీద తోక ఊపుతుందని చెప్పి, బియ్యం బస్తాను వెనక అరలోంచి తానే మోసుకొచ్చి ఇరుసులకు ముందు పెట్టారు. బస్తా ఎక్కడుండాలో తెలిసిన మనిషి. అందులోని బియ్యం అన్నమయ్యేది ఎలాగో తెలుసుకునే తీరిక ఆయనకింకా చిక్కలేదు.

మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే పని కూడా ఆయనదే. చేతికి గ్లవ్స్ తొడుక్కుని, ముక్కు మూసుకోకుండా చేస్తారు. దానికి నా నమస్కారం. కానీ గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు రెండు పూటలకే నిండుతోందని, పప్పుగిన్నెకు ఇన్ని నీళ్లెందుకని అమ్మాయిని అడగడం వ్యాఖ్యాతకు నచ్చలేదు. ఎల్లోస్టోన్ లోపల నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ దొరికే విడిది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల భయం వల్ల అక్కడికి డేరాలను రానివ్వరు, గట్టి గోడల బండ్లే రావాలి. ఆవకాయ జాడీ రాత్రి బయట ఉంచకూడదని అల్లుడుగారు మాకు ముందే ఉపన్యాసమిచ్చారు. లోపల పెట్టేది ఎవరన్నది ఉపన్యాసంలో లేదు.

తాత్పర్యం. అయిదింటికని చెప్పి, రాహువు దిగిపోయాక పదకొండు ముప్పావుకు, ఏడుగురం బయల్దేరాం. 287వ నంబరు రోడ్డు ఫోర్ట్‌వర్త్, అమరిల్లోల మీదుగా కొలరాడో దాటి, వయోమింగ్ గుండా ఎల్లోస్టోన్ దక్షిణ ద్వారం దాకా పోతుంది. మొత్తం 1,300 మైళ్లకు అటూ ఇటూ. ఈ వ్యాఖ్య అమరిల్లోలో, మూడో వరస సీటులో పూర్తయింది.

పాఠపరిష్కరణ. నాలుగో పాదంలో "ఆల్ సెట్" అనే పాఠం కర్తృలోపం వల్ల దుష్టం. దాని స్థానంలో "వంట నాది" అని ఉండాలి. ప్రాచీన ప్రతుల ఆధారం చూపలేను. అర్థం మాత్రం బాగుపడుతుంది. తిరుగు ప్రయాణపు ప్రకటనలో ఈ పాఠాన్నే స్వీకరించమని అల్లుడుగారికి మనవి. కష్టమేమీ లేదు. రవ్వ వేయించే ఉంది. రేపు పొద్దుటి కవరు కింది అరలో, ఎడమ చేతి వైపు. ఒకటికి రెండున్నర నీళ్లు.