భయపడే కుక్కపిల్ల విషయంలో ఈ సలహాలు వినకండి

కొత్త మనిషి గడపలో అడుగు పెట్టగానే కుక్కపిల్ల సోఫా కిందికి దూరిందంటే చాలు, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఓ సలహా ఇస్తారు. మంచి మనసుతోనే ఇస్తారు. వాటిలో చాలావరకు ఆ పిల్లకు చేటు చేసేవే.

‘నలుగురి చేతుల్లో పెట్టండి, అదే అలవాటు పడుతుంది.’ వద్దు. తప్పించుకునే దారి లేక పిల్ల బిగుసుకుపోతుంది. ‘చూశారా, ఎంత బుద్ధిగా ఉందో’ అంటారు. తోక పొట్ట కిందికి పోయి, చెవులు వెనక్కి అంటుకుని, తిండి లేకుండానే మూతి నాక్కుంటూ, నిద్ర రాకుండానే ఆవులిస్తుంటే అది బుద్ధి కాదు, భయం. వెంటనే కిందికి దించి దూరంగా తీసుకెళ్లాలి.

‘కొత్తవాళ్ల చేత బిస్కెట్ తినిపించండి.’ ఇది వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది కాబట్టే ఎక్కువ ప్రమాదం. ఒకసారి గమనించండి. వెనక కాళ్లు ఉన్నచోటే ఉంటాయి, మెడ మాత్రం సాగుతుంది. ముక్క నోట్లోకి పోయాక తలెత్తి చూస్తే, తాను భయపడే మనిషి మొహం జానెడు దూరంలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయన ముద్దొచ్చి తల మీద చెయ్యి వేస్తారు. పళ్లు పడేది అక్కడే. వచ్చినవాళ్లు దాని కళ్లలోకి చూడకుండా, పక్కకు తిరిగి కూర్చుని, ముక్కను పిల్ల వెనక పడేలా విసరాలి. తినడానికి అది దూరం జరుగుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది. తనంతట తాను మళ్లీ దగ్గరికొస్తే సరే, రాకపోతే ఆ రోజుకు అంతే. ఎంత దూరంలో ఉండాలన్నది దాని ఇష్టం, మనది కాదు. ఉడికించిన చికెన్ గోరంత ముక్క చాలు. కూరలోంచి తీసి పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి.

వీధిలోనూ అంతే. జనం అలవాటు కావాలని లిఫ్టులో ఇరికించొద్దు, మెట్ల మీదుగా దించి గేటుకు ఎడంగా నిలబడండి. మనిషి కనపడ్డాకే ముక్క ఇవ్వాలి. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన ప్రయోగాల్లోని కుక్కలకూ ముందు చప్పుడు వినిపించి ఆ తర్వాతే తిండి పెట్టేవారు. ఈ వరుస తిరగబడితే ముక్కను చూసినా ‘ఎవరో వస్తున్నారు’ అని బెదిరిపోతుంది. ఎంతో ఇష్టమైన ముక్కను కూడా ముట్టలేదంటే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే.

‘గుర్రుమంటే ఒక్కటి వెయ్యండి.’ గుర్రు అంటే ‘ఇంక దగ్గరికి రావద్దు’ అనే హెచ్చరిక. కొడితే హెచ్చరిక ఆగుతుంది, భయం ఆగదు. అలా పెరిగిన కుక్కే రేపు చప్పుడు చేయకుండా కరుస్తుంది. దాన్ని నోరెత్తనివ్వకుండా చేసింది మనమే.

‘భయపడ్డప్పుడు దగ్గరికి తీస్తే భయం ముదురుతుంది’ అన్నది కూడా తప్పే. ఒళ్లోకి వస్తే రానివ్వండి.

‘టీకాలన్నీ అయ్యేదాకా బయటికి తీయకండి’ అనేవారి భయంలో న్యాయముంది, పార్వో వైరస్ కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. కానీ కుక్కల ప్రవర్తనపై పరిశోధన చేసిన స్కాట్, ఫుల్లర్ 1965లో అచ్చువేసిన పుస్తకంలోనే చెప్పారు: కుక్కపిల్ల మనుషుల్ని తేలిగ్గా నమ్మే కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకానే. టీకాలు పూర్తయ్యేది దాదాపు నాలుగో నెలకి. మొదటి టీకా పడ్డాక కనీసం వారం ఆగి కుక్కపిల్లల తరగతులకు తీసుకెళ్లడం మొదలుపెట్టవచ్చని అమెరికాలోని పశు ప్రవర్తనా వైద్యుల సంఘం 2008లో చెప్పింది. టీకాలు పూర్తయ్యేదాకా మన వీధుల్లో మాత్రం నేల మీద దించకండి, చేతుల్లోనే ఉంచుకుని దూరం నుంచి పాలబ్బాయిని, గొడుగు వేసుకున్న మనిషిని, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాణ్ని చూడనివ్వండి.

ఆ వయసు దాటిపోయిన పిల్లకూ పైన చెప్పిన పద్ధతే, కాకపోతే నెలలు పడుతుంది. ‘పెద్దయితే అదే పోతుంది’ అని మాత్రం కూర్చోకండి, యవ్వనంలో భయం పెరగవచ్చు. నిన్నటిదాకా బాగున్న పిల్ల హఠాత్తుగా మనుషుల్ని తప్పించుకుంటుంటే ఎక్కడైనా నొప్పి ఉందేమో ముందు డాక్టరుకు చూపించండి.

బంధువుల దగ్గర మొహమాటపడకండి. ‘పిన్నీ, దాన్ని ఎత్తుకోకు, నువ్వు కూర్చో’ అని గుమ్మంలోనే చెప్పేయండి. పండక్కి పిల్లలంతా ఇంటికి చేరితే దాన్ని లోపలి గదిలో మంచినీళ్లు, పక్క, నమలడానికి బొమ్మ ఇచ్చి ఉంచి, తలుపు వేసి గడియ పెట్టండి.