గుంజుతది సరే, ఆగుతదా?

సంగారెడ్డి మండలం ఇస్మాయిల్‌ఖాన్‌పేట కావచ్చు, దాని చుట్టుపక్కల ఏ ఊరైనా కావచ్చు. ఎకరం పొలం రియల్ ఎస్టేటు వాళ్ల చేతికి పోయిన కొన్నాళ్లకు ఆ ఇంటి ముందు ఓ పెద్ద బండి దిగుతుంది. రీజనల్ రింగు రోడ్డు సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా కాగితాల మీద వంపు తిరిగినప్పటి నుంచి ఈ దిగుబడి వరి కన్నా బాగుంది. తెల్ల రంగు, ఏడు సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్. దుర్గా భవానీ అమ్మవారి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టించాక బండి తిన్నగా పోయేది ఇంటికి కాదు, వెల్డింగ్ షాపుకు. వెనక ఓ ఇనుప హుక్కు పెట్టించాలి. ఎందుకన్నా అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "రేపొద్దుగాల ఏదన్న గుంజాల్సొస్తే?"

ఆ 'ఏదన్న' ఏమిటని గట్టిగా అడిగితే ఓ వ్యాపార పథకం బయటికొస్తుంది. తమ్ముడు సెకండ్ హ్యాండ్ కార్ల బేరం చేస్తాడు. పటాన్‌చెరు వైపు నుంచి కార్లు తేవాలి. టోయింగ్ బండి కిరాయి దండగ. మనమే ఓ ట్రైలర్ చేయించుకుని, దాని మీద కారెక్కించి, మన బండికి తగిలించుకొస్తే సరి. పథకంలో తప్పేం లేదు. ప్రపంచంలో చాలా దేశాల్లో మామూలు మనుషులు చేసే పనే. కాకపోతే వాళ్లు బండిని ఎంచుకునే పద్ధతి ఒకటి, మన పోతిరెడ్డిపల్లి చౌరస్తా టీ కొట్టు దగ్గర ఎంచే పద్ధతి ఒకటి.

ఇక్కడి పద్ధతిలో మొదటి ప్రశ్న ఎన్ని హార్స్‌పవర్ అని. రెండోది బానెట్ ఎంత ఎత్తు అని. మూడోది ప్రశ్న కూడా కాదు, సాక్ష్యం: ఫోన్ తీసి చూపించే వీడియో. అందులో ఓ కారు విమానాన్ని లాగుతూ ఉంటుంది. విమానాన్నే లాగినోడికి మన తమ్ముడి కారు ఓ లెక్కా?

ఆ వీడియోల సంగతి కాస్త చూద్దాం. 2017లో పారిస్ విమానాశ్రయంలో పోర్షే కయెన్ 285 టన్నుల ఎయిర్‌బస్ ఏ380ని లాగి గిన్నిస్ రికార్డు కొట్టింది. నిజమే. ఎంత దూరం లాగింది? 42 మీటర్లు. ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కేవాడికి అది ర్యాంపులో ఓ మూలకు కూడా చాలదు. అంతకు ముందు, 2006లో ఇంగ్లండులో ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్ 155 టన్నుల బోయింగ్ 747ను లాగింది. ఆ కారు చక్రాలు నేలను పట్టుకోవడానికి లోపల నాలుగు టన్నులకు పైగా బరువు నింపారు. అంటే కారులో రెండు కార్ల బరువు పెట్టుకుంటే గానీ కారు విమానాన్ని లాగలేదు. ఈ ముక్క వీడియో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనవాళ్లు పెద్ద అక్షరాలే చదువుతారు.

చదునుగా ఉన్న కాంక్రీటు మీద, గాలి నిండిన టైర్ల మీద నిలబడ్డ బరువును మెల్లగా కదిలించడం అంత గొప్ప పనేం కాదు. 1997లో సిడ్నీలో డేవిడ్ హక్స్‌లీ అనే ఆస్ట్రేలియా వస్తాదు 187 టన్నుల బోయింగ్ 747ను ఒంటి చేత్తో కాకపోయినా ఒంటి ఒంటితో 91 మీటర్లు లాగాడు. పోర్షే లాగిన దూరానికి రెట్టింపు కన్నా ఎక్కువ. కాబట్టి లాగడమే అర్హతైతే ముప్పై నలభై లక్షలు తగలేయడం దేనికి? హక్స్‌లీ గారి నడుముకే ఓ హుక్కు వెల్డింగ్ చేయించి ఎన్‌హెచ్-65 ఎక్కించొచ్చు. డీజిలు ఖర్చు కూడా ఉండదు.

హార్స్‌పవర్ భక్తులకు జవాబు మన జిల్లాలోనే ఉంది. జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు తయారైన చోట ఇప్పుడు మహీంద్రా పాతుకుపోయింది. అక్కడ ట్రాక్టర్లు పుడతాయి. ఏ యాభై హార్స్‌పవరో ఉండే ట్రాక్టరు ఇటుకలో, ఇసుకో, చెరకో నింపిన ట్రాలీని గుంజుకుపోతుంది. రెండొందల హార్స్‌పవర్ ఉన్న అన్న బండి దాన్ని దాటుకుంటూ హారన్ కొట్టి పోతుంది. శక్తిలో నాలుగో వంతు ఉన్నది ఎన్నో రెట్ల బరువు లాగుతోందంటే కిటుకు గుర్రాల్లో లేదన్నమాట. తక్కువ గేరులో ఉంది, వెనక చక్రాల మీద పడే బరువులో ఉంది, అన్నిటికన్నా దాని నడకలో ఉంది. మొదటి గేరులో ట్రాక్టరును బడిపిల్లలు నడిచి దాటేస్తారు.

ట్రాక్టరును పొగిడాను కదా అని ట్రాలీవాళ్లు మురవక్కర్లేదు. ఆ ట్రాలీకి బ్రేకు ఉండదు, వెనక ఎర్ర లైటు ఉండదు. రేడియం స్టిక్కర్ ఉండాల్సిన చోట కొడుకు పేరు, కూతురి పేరు ఉంటాయి. మన ప్రాంతంలో సంధ్య వేళ రోడ్డు పక్కన నిలిపిన ట్రాలీని గుద్దుకోని మోటారు సైకిలు వార్త లేకుండా వరికోతల సీజను గడిచిందా?

అసలు విషయానికి ఇప్పుడొచ్చాం. బండ్లు కొనే మా వాళ్లలో "ఎంత గుంజుతది" అని అడగనివాడు లేడు, "ఎంత ఆపుతది" అని అడిగినవాడు లేడు. మన దగ్గర కనిపించే టొయోటా ఫార్చ్యూనర్‌నే ఆస్ట్రేలియాలో అమ్మేటప్పుడు కంపెనీ రెండు అంకెలిస్తుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకులుంటే 3,100 కిలోలు లాగొచ్చు. లేకపోతే 750 కిలోలు, అంతే. ఇంజను అదే, చాసిస్ అదే, హార్స్‌పవర్ అవే. రెండు వేల చిల్లర కిలోల తేడా మొత్తం ట్రైలర్ చక్రాల్లో ఉన్న బ్రేకు డబ్బాలదే. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్‌కు ఆస్ట్రేలియాలో చెప్పే లెక్కా ఇంతే: బ్రేకులుంటే 3,500, లేకుంటే 750.

ఇప్పుడు అన్న పథకం లెక్క చూడండి. తమ్ముడు కొన్నది ఓ పెద్ద ఎస్‌యూవీ అనుకుందాం, రెండు టన్నులకు పైమాటే. వెల్డింగ్ షాపులో చానెల్ ఇనుముతో చేయించిన ట్రైలర్ ఇంకో ఆరేడు వందల కిలోలు. ముందు లాగే బండి కన్నా వెనక వచ్చే బరువే ఎక్కువ. ట్రైలర్‌కు బ్రేకుల్లేవు, ఎందుకంటే వెల్డింగ్ షాపు అన్నకు బ్రేకులు రావు, హుక్కులొచ్చు. ముత్తంగి దాటి ఇస్నాపూర్‌లో అడ్డంగా ఆటో వస్తుంది. రాకపోతే అది ఇస్నాపూర్ కాదు. అన్న బ్రేకు తొక్కుతాడు. ముందు బండి ఆగుదామనుకుంటుంది, వెనకది ఇంకా సంగారెడ్డి పోదామనుకుంటుంది. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలని బడిలో చదివిందే. ఎడ్లబండి తోలిన మన తాతలకు ఇది చదవకుండానే తెలుసు. దిగుడులో బరువు బండి కాడిని ఎడ్ల మెడ మీదికి నెట్టుకొస్తుంటే ఎద్దు నిలదొక్కుకుంటుందా లేదా అని చూసి మరీ బేరమాడేవారు.

డాలస్‌లో ఉండే బావ ఈ సమయంలో తప్పకుండా ఫోన్ చేస్తాడు. తన పికప్ పన్నెండు వేల పౌండ్లు లాగుతుందట, బ్రోషర్‌లో ఉందట. బావా, బ్రోషర్ పక్కన పెట్టి నీ బండి డ్రైవర్ తలుపు తీసి, ఆ సందులో అతికించిన స్టిక్కర్ చదువు. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని ఉంటుంది. ట్రైలర్ బరువులో పది శాతం నుంచి పదిహేను శాతం దాకా హుక్కు మీద కిందికి కూర్చోవాలని అక్కడివాళ్ల లెక్క. ఆ బరువంతా బండి సామానులోనే జమ. పన్నెండు వేలకు పన్నెండు వందలు అక్కడే పోయాయి. మిగిలిన దాంట్లో భార్య, పిల్లలు, అత్తమామలు, ఆవకాయ జాడీలు పట్టాలి. పట్టకపోతే బావ ఏం చేస్తాడు? హుక్కు మీద బరువు తగ్గిద్దామని ట్రైలర్ మీది కారును కాస్త వెనక్కి జరుపుతాడు. అప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపుడు పెరిగి, చివరికి తోకే బండిని ఆడిస్తుంది.

నిజంగా బరువులు లాగేవాళ్లు మన రోడ్డు మీదే కనిపిస్తారు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ యంత్రాలు కదిలినప్పుడు చూడండి. లెక్కపెట్టలేనన్ని చక్రాల మల్టీ ఆక్సిల్ ట్రైలర్, ముందు పుల్లర్, దాని పక్కన నడుస్తూ చేతులూపే మనుషులు. ఆ పుల్లర్ డ్రైవర్ ఎవరికీ వీడియో చూపించడు. తన బండి ఎంత లాగుతుందో గొప్పలు చెప్పడు. తొందర అసలే పడడు. వాడి వెనక ఇరుక్కున్న అన్న మాత్రం హారన్ మీద చెయ్యి తీయడు.

ట్రైలర్ కూడా దేనికని తాడుతో లాగేవాళ్లది ఇంకో శాఖ. చెడిపోయిన బండిని లాగేటప్పుడు రెంటి మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదని నిబంధన. మనవాళ్ల తాడు పొడవు డిక్కీలో దొరికిన తాడు పొడవు. వెనక కారులో కూర్చున్న తమ్ముడికి ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి పవర్ స్టీరింగ్ మొండికేస్తుంది. బ్రేకు రెండు మూడుసార్లు తొక్కేసరికి రాయిలా బిగుస్తుంది. అది ఆటోమేటిక్ గేరు కారైతే ఇంకా మంచిది. చక్రాలు నేల మీద తిరుగుతూ నాలుగూళ్లు పోయేసరికి గేర్‌బాక్సు లోపల నూనె అందక పళ్లు కాలిపోతాయి. మిగుల్చుకున్న టోయింగ్ కిరాయి పోగా మెకానిక్కుకు లక్షల్లో ముట్టజెప్పాలి.

చట్టం సంగతి ఎత్తితే అన్న నవ్వుతాడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లైట్ మోటార్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపొచ్చని చెప్పింది కదా అంటాడు. చెప్పింది. లైసెన్సు గురించి చెప్పింది. బ్రేకుల్లేని బరువును ఆపే సంగతి ఆ తీర్పులో ఎక్కడుందో చూపిస్తే సంతోషిస్తాం. ట్రైలర్ కూడా విడిగా రిజిస్టర్ కావలసిన వాహనమేనని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. అన్న చేయించబోయే ట్రైలర్‌కు నంబరు ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు, వెనక ఇండికేటర్ ఉండదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్లు చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. ఆ తర్వాత అవి తగ్గలేదు, వాటి మీద పూసే క్రోమ్ పెరిగింది. వెనక హుక్కుకూ అదే గతి. అది ఇంతవరకూ ట్రైలర్‌ను చూడలేదు. సిగ్నల్ దగ్గర వెనక ఆగిన స్కూటర్లవాళ్ల మోకాళ్లను మాత్రం చాలా చూసింది.

అయినా ట్రైలర్ చేయించాల్సిందే అంటే ఒక్క మాట. బండి షోరూముకు పోయే ముందు ట్రైలర్ దగ్గరకు పోండి. కింద కూర్చుని చక్రం లోపలికి తొంగి చూడండి. బ్రేకు డ్రమ్ము కనబడితే వెనక లైట్లు, నంబరు, ఇన్సూరెన్సు అడగండి, ఆ తర్వాత ఆ బరువును మించిన బండి వెతకండి. డ్రమ్ము కనబడకపోతే మాట్లాడకుండా లేచి, బట్టలు దులుపుకుని, టోయింగ్ బండికి ఫోన్ చేయండి. కిరాయి ఎంతైనా సరే ఇవ్వండి.