జనాభా లెక్కల పెద్దగారికి ఓ విన్నపం

మహారాజశ్రీ జనాభా లెక్కల అధికారిగారి సముఖానికి, తమిళనాడు కోవిల్‌పట్టి దగ్గరి పల్లె రైతు రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా, 2027 లెక్కలకు మీవాళ్లు ఫోన్లు పట్టుకుని మా వైపు రాబోతున్నారట. సంతోషం. విరుదునగర్‌లో దిగితే నూనెలో వేయించిన పరోటా ఒకటి తినండి గానీ రెండోదాని జోలికి పోవద్దు. సాత్తూరు కారసేవు, కోవిల్‌పట్టి కడలై మిఠాయి, అదే వేరుశనగ మిఠాయి, ఇంకా ముందున్నాయి. మా మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మనుషుల గుర్తింపు దగ్గరే మాకు పేచీ.

మాకు దగ్గర్లో కామనాయకన్‌పట్టి అని ఓ ఊరుంది. అక్కడి పరలోకమాత చర్చి పాత మదురై మిషన్ నాటిది. మీ ఇంటి జాబితా ఫారంలో దాన్నీ ఎక్కించాలి కదా! గోడ దేనితో కట్టారు, కప్పు దేనిది, నేల ఏమిటి, బాగుందా, ఉండదగ్గదా, శిథిలమా అన్నీ అడుగుతారు. పెళ్లయిన జంటలెన్ని అని మాత్రం అడక్కండి. పెళ్లిళ్లు అక్కడే అవుతాయి, కాపురాలు మాత్రం వేరేచోట. ‘ప్రార్థనాస్థలం’ అని ఒక్క నొక్కు నొక్కితే మిగతా ప్రశ్నలన్నీ ఎగిరిపోతాయని మీ కుర్రాళ్లకు తెలుసు. మా భయమల్లా ఆ నొక్కుడు గురించే.

1710ల్లో ఆ చర్చిలో పనిచేసిన ఇటలీ పాదిరి ఒకాయన ఉండేవాడు, కాన్‌స్టాన్‌జో బెస్కి. తమిళులు వీరమామునివర్ అంటారు. ఆయన్ని మీ ఫారంలో నింపి చూపించండి. మాతృభాష ఇటాలియన్, సరే. ఇతర భాషలకు కిందటిసారి మీరిచ్చింది రెండే గళ్లు. ఆయన తమిళంలో ‘తేంబావణి’ అని 3,615 పద్యాల కావ్యం రాశాడు. తమిళ వ్యాకరణాన్ని లాటిన్‌లో రాశాడు. సంస్కృతం, తెలుగు నేర్చాడు. ఏ రెండు ఉంచి ఏవి కొట్టేస్తారు? పైగా కట్టింది కాషాయం. మతం గడి దగ్గర మీవాడు కాసేపు తల గోక్కోవాల్సిందే.

మా గడీ అంత తేలికేం కాదు. మతం అంటే హిందువులమనే చెబుతాం. మొక్కు మాత్రం మాతకు. ఆగస్టు 15న పండగకు తేరు కదిలితే మావాళ్లూ జనంలో ఉంటారు. ఆ రోజు లెక్కకు రాకండి, ఎవరు ఏ ఊరివాళ్లో మాకే అంతు చిక్కదు.

అసలు సంగతికొస్తాను. 2011లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. ఇది రాయించుకున్నవాళ్ల లెక్కే సుమా! ఈ కరిసల్ నేలలో, నల్లరేగడిలో, నాయకర్ల కాలం నుంచీ తెలుగిళ్లున్నాయి. ఇడైసెవల్ ఊరి రచయిత కి. రాజనారాయణన్‌ ఇంట్లో మాటలు తెలుగు, రాసిన కథలు తమిళం. సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న ‘గోపల్లపురత్తు మక్కళ్’ మా వలసవాళ్ల కథే. మేం బడికీ బజారుకీ ప్రార్థనకీ తమిళం, పశువులకీ పిల్లలకీ తెలుగు. గణకుడు తమిళంలో అడుగుతాడు, మేం తమిళంలో చెబుతాం, అతను తమిళం అని నొక్కుతాడు.

తప్పు మీ ఒక్కరిదే అననులెండి. పైన చెప్పిన పాదిరిగారే పరమార్థగురువు కథ రాశారు. మన పరమానందయ్య శిష్యుల్లాంటివాళ్లే అందులోనూ. ఏరు దాటాక ఎవడు లెక్కపెట్టినా తనని వదిలేసి, ఒకడు తగ్గాడని ఏడుస్తాడు. దారినపోయేవాడొకడు డబ్బు పుచ్చుకుని, కర్రతో ఒక్కో వీపు మీద ఒకటి వేసి లెక్క సరిచేస్తాడు. మేమూ ఆ బాపతే. వీధిలో ఎవరి భాష ఏమిటో చెబుతాం, మా వంతు వచ్చేసరికి మరిచిపోతాం.

కనుక ఒక్క ఉపకారం చేయండి. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని మీ నిబంధనల్లోనే ఉంది. ఆ ప్రశ్నే అడగమనండి. ‘ఏం భాషండీ’ అని గుమ్మంలోనే తేల్చేయొద్దని చెప్పండి. సాయంత్రం రమ్మనండి, మా అమ్మ ఇంట్లో ఉంటుంది. తమిళంలో అడిగితే ఆవిడా తమిళంలోనే జవాబిస్తుంది. మీవాణ్ణి తొందరపడొద్దనండి. ఆరబోసిన వేరుశనగల మీదికి మేక వస్తుంది. దాన్ని ఆవిడ ఏ భాషలో తిడుతుందో విని, అప్పుడు నొక్కమనండి.

ఇట్లు,
2011లో తమిళుడిగా లెక్కకెక్కిన మీ విధేయుడు