స్వహస్తం గారు, కటింగ్ మిషను

మేస్త్రీ కూలి ఎంతో చెప్పేలోపే స్వహస్తం గారు “ఇంత చిన్న పనికా?” అనేస్తారు. చెప్పాక అదే మాట ఇంకాస్త గట్టిగా అంటారు. ఆయన లెక్కలో లోకంలోని పనులు రెండే రకాలు: తాను చేసినవి, తాను ఇంకా మొదలుపెట్టనివి. చేతకానివి అనే మూడో రకం కూడా ఉందని ఇంట్లోవాళ్లకి తెలుసు గానీ, ఆ సంగతి ఆయన చెవిన వేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. కాలనీ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మారాలన్నా అటెండరుని పిలిచిన మనిషి, రిటైరైన మర్నాటి నుంచీ “మన పని మనం చేసుకోవాలి” అనడం మొదలుపెట్టారు. ట్యాపు వాషరు, ఫ్యాను కెపాసిటరు, గేటు గొళ్లెం అన్నీ అయ్యాయి. తర్వాతి వంతు గోడది.

హైదరాబాదు శివార్లలో ఆయనకో 200 గజాల ప్లాటుంది. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. ఖాళీ ప్లాటు హద్దురాళ్లకి రాత్రిపూట కాళ్లొస్తాయి కాబట్టి అందరూ చేసే పనే ఆయనా చేశారు, సిమెంటు పలకల రెడీమేడ్ గోడకి ఆర్డరిచ్చారు. ఏడడుగులకో స్తంభం పాతుతారు. స్తంభానికి పక్కల్లో గాడి ఉంటుంది. రెండు గాళ్ల మధ్యకి పలకలను పైనుంచి ఒకదాని మీద ఒకటి జారవిడిస్తే గోడైపోతుంది. ఆరడుగుల ఎత్తుకి వరసకి ఆరు పలకలు. చిక్కల్లా ఎక్కడంటే, అరవైలో ఎనిమిది ఏళ్లు యాభై ఆరు. చివర్లో నాలుగడుగుల జాగా మిగిలింది. పలకలేమో ఏడడుగులవి.

“ఆ జాగల ఇటుక కట్టేస్త సార్, లేకుంటె పలకలు కోసి పెడత” అన్నాడు మేస్త్రీ. నిజానికి ఆర్డరప్పుడే చెప్పి ఉంటే చాలా యార్డుల్లో అచ్చుకి అడ్డం పెట్టి పొట్టి పలకలే పోసిస్తారు. కానీ స్వహస్తం గారి చెవిన పడింది ‘కోసి’ అన్న ఒక్క మాటే. “కొయ్యడమేగా!” అని మేస్త్రీని సాగనంపి, ఆ సాయంత్రమే నాలుగంగుళాల గ్రైండరు కొన్నారు.

ఇక స్వయంగా చేసుకోవడం మొదలైంది. ఏడడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న కాంక్రీటు పలక 80 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. అందుకని స్వయంగా ఎత్తడానికి దసరాకి వచ్చిన కొత్తల్లుడు ఒక కొస, పక్కింటి వాచ్‌మన్ ఇంకో కొస పట్టుకున్నారు. ఎదురింటాయన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇచ్చి, ఇచ్చిన పాపానికి దాని దగ్గరే కాపలా ఉండిపోయారు. దుమ్ము లేవకుండా చెంబుతో నీళ్లు చిలకరించే బాధ్యత భార్యది. స్వహస్తం గారు మాత్రం ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా, స్విచ్చి నొక్కారు.

మొదటి డిస్కు ఇనుము కోసేది. రాయికి, కాంక్రీటుకి వజ్రపు పళ్ల డిస్కు వాడాలని కొట్టువాడు చెప్పకపోలేదు. రెంటి ధరలూ పోల్చి చూసి “ఏదైనా తిరగడమేగా” అన్నారు ఈయన. తిరిగింది. పొద్దున అప్పడమంత ఉన్న డిస్కు మధ్యాహ్నానికి వడియమంత అయింది. పలక మీద మాత్రం సున్నితమైన గీత పడింది. అల్లుడుగారు మర్యాదగా “బాగా వచ్చింది మావయ్యా” అన్నారు.

వజ్రపు డిస్కు వచ్చాక ఇంకో నిజం బయటపడింది. నాలుగంగుళాల డిస్కంటే సగం రెండంగుళాలే. అందులోనూ మధ్యనున్న నట్టూ వాషరూ కొంత తినేస్తాయి. ఎంత లోపలికి తోసినా కోత అంగుళం దాటి పెద్దగా దిగదు. రెండంగుళాల పలకని ఒక పక్కనుంచి కొయ్యడం కుదరని పని. మూలమట్టం పెట్టి నాలుగు ముఖాల మీదా గీత చుట్టేసి, ఒక పక్క కోసి, తిప్పి రెండో పక్క కొయ్యాలి. ఈయన గీత ఒక్క పక్కే గీశారు, రెండో పక్క కంటి అంచనా. పై కోతకీ కింది కోతకీ బొటనవేలంత తేడా వచ్చింది. మధ్యలో ఇనప తీగలు తగిలి నిప్పురవ్వలు లేస్తే, అవి పలకలో ఉండవలసినవేనని ఎదురింటాయన ధైర్యం చెప్పారు.

డిస్కు మీదుండే రేకు తొడుగు చూపుకి అడ్డమని స్వహస్తం గారు దాన్ని ఊడదీయబోయారు. అంతవరకూ పల్లెత్తు మాటనని ఇల్లాలు చెంబు కింద పెట్టి, “నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుందట, డబ్బా మీద రాసుంది. అది ఊడితే నేను పుట్టింటికి” అన్నారు. తొడుగు ఉండిపోయింది. కాంక్రీటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదనీ, మొహానికి తువ్వాలు చుట్టుకుంటే ఆగదనీ కూడా ఆవిడే చదివి పెట్టుకున్నారు. కోవిడ్ రోజుల్లో మిగిలిన ఎన్-95 మాస్కులు బయటికొచ్చాయి. నీళ్లూ కరెంటూ ఒక్కచోటే ఉన్నాయి కాబట్టి లైనుకి ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసొచ్చిందీ ఆవిడే. అల్లుడుగారికి పండక్కి కొత్త బట్టల జత, దాని మీద మాస్కు పెట్టారు.

చీకటిపడే వేళకి మొదటి పలక తెగింది. తెగిన అంచు గరుకుగా ఉందని స్వహస్తం గారు గంటసేపు అరగదీసి నునుపు చేశారు. వేలితో రాసి చూడమని అందరికీ చూపించారు. నలుగురూ కలిసి ఎత్తి స్తంభాల మధ్యకి దించారు. పలక ఎక్కడా ఆగకుండా సూటిగా వెళ్లి ఆయన కాలికి జానెడు దూరంలో పడింది.

మర్నాడు బాకీ డబ్బులకి వచ్చిన మేస్త్రీ చూసి నవ్వలేదు. అంత మర్యాదస్తుడు. “సార్, మీరు స్తంభం నుంచి స్తంభానికి కొలిచిన్రు. పలక రెండు దిక్కులా గాడిలకు పోవాలె గదా, ఆ కొలత కలపలే” అన్నాడు. తర్వాత తనే చెప్పులు పక్కకి విడిచి, పలకని గీతకి రెండు వైపులా ఆనేటట్టు చెక్కల మీద పరిచి, అటు కొంచెం ఇటు కొంచెం కోసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, తీగల్ని హాక్సా బ్లేడుతో తెంపాడు. అంచు ఎలుక కొరికినట్టే ఉంది. “అదెట్లున్నా గాడిల దాస్కుంటది సార్” అని మిగతావీ కానిచ్చేశాడు. మిషను పట్టుకోవడం ఎలాగో స్వహస్తం గారు దగ్గరుండి అతనికి నేర్పించారు.

ఆ రాత్రి లెక్కల పుస్తకం తెరిచారు. గ్రైండరు ఖర్చులో వెయ్యలేదు, అది ఆస్తి. రెండు డిస్కులు ‘అనుభవం’. మేస్త్రీకి ఇచ్చింది కూలి కాదు, దసరా మామూలు. పొట్టిగా తెగిన పలక పెరట్లో బట్టలుతికే బండగా స్థిరపడింది కనుక అది ఆదాయం. అల్లుడి నడుంనొప్పికి వేరే పద్దు పెట్టలేదు. అన్నీ తీసేసి చూస్తే మేస్త్రీ అడిగిన కూలి మొత్తం మిగిలింది. ఇల్లాలు ఆ పేజీ చదివి, కింద ‘చెంబు: సొట్ట’ అని రాసి పడుకున్నారు.

ఆస్తి కదా, ఊరికే ఉంచకూడదని స్వహస్తం గారు ఇప్పుడు పలకలు పొడుగైన ఇళ్ల కోసం కాలనీ అంతా వెతుకుతున్నారు. కూలి తీసుకోరు. మనుషులు నలుగురుంటే చాలంటారు. అందుకే మా దగ్గర గోడ పెట్టించుకునే ప్రతివాడూ ముందు ప్లాటు పొడవుని ఏడుతో భాగించి చూసుకుంటున్నాడు. శేషం వస్తే ఆ సంగతి యార్డువాడి చెవిలో మాత్రమే చెబుతున్నాడు.