గ్రాట్యుటీ గానుగ

సికింద్రాబాద్‌లో రిటైరవడం ఈ మధ్య బొత్తిగా కష్టమైపోయింది. ఇదివరకు నెలాఖరున రైల్‌ నిలయంలో శాలువా, పూలదండ, గోడ గడియారం అందుకుని మల్కాజ్‌గిరి ఇంటికి చేరి, మర్నాటి నుంచి పేపరు తిరగేస్తే సరిపోయేది. ఇప్పుడలా కూర్చోనివ్వరు. దండ వాడకముందే ఫోను మోగుతుంది. "సార్, సెకండ్‌ ఇన్నింగ్స్‌కి ఏం ప్లాన్‌ చేశారు? భూమాత కోసం ఏదైనా సస్టెయినబుల్‌గా చేద్దాం సార్!" మన గ్రాట్యుటీ ఏ తేదీన జమవుతుందో భూమాతకు ఎవరు చెబుతారో గానీ, కబురు మాత్రం ఠంచనుగా అందుతుంది.

ఆ తరవాత ఆదివారం ప్యారడైజ్‌ దరిదాపుల్లో ఏదో ఒక ఏసీ హాల్లో సదస్సు. ప్రవేశం ఉచితం, డబ్బులు పుచ్చుకునేది బయటికొచ్చేటప్పుడు. వేదిక మీది కుర్రాడికి ముప్పై నిండవు. "వయసంటే ఒక అంకె మాత్రమే" అంటాడు. నిజమే, చెక్కు మీద రాయించుకునేదీ అంకే.

వెంటనే కల్నల్‌ సాండర్స్‌ ప్రవేశం. 65 ఏళ్ళప్పుడు చేతిలో పింఛను చెక్కు తప్ప ఏమీ లేనివాడు, వెయ్యి గుమ్మాలెక్కి, కోడి వేపుడుతో కోటీశ్వరుడయ్యాడట. సైనిక్‌పురి నుంచి వచ్చిన అసలు కల్నళ్ళు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతారు. (సాండర్స్‌ది కెంటకీ గవర్నరు ఇచ్చిన గౌరవ బిరుదు. వీళ్ళది ఎండకూ మంచుకూ ఓర్చి సంపాదించుకున్నది.) కుర్రాడు మింగేసే సంగతి ఏమిటంటే, ఆ పెద్దమనిషి 1930లోనే కార్బిన్‌ అనే ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర దారినపోయేవాళ్ళకు వండిపెట్టడం మొదలుపెట్టాడు. హోటలు నడిపాడు, ప్రెషర్‌ కుక్కర్లో కోడిని వేయించే కిటుకు పట్టాడు. 1952లో మొదటి ఫ్రాంచైజీ ఇచ్చేనాటికి ఆ పొయ్యి ముందు ఇరవయ్యేళ్ళు వేగాడు. రైల్వేలో రిటైరైన మన ఇంజినీరు గారు సర్వీసంతా సిగ్నళ్ళు చూసుకున్నారు. ఆయన్ని పట్టుకొచ్చి పల్లీనూనె అమ్మమంటున్నారు.

2020లో అమెరికా ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి అచ్చయింది. వేగంగా ఎదిగిన కంపెనీలు పెట్టినవాళ్ళ సగటు వయసు 45 అని తేల్చింది. సదస్సులో అంతవరకే చదువుతారు. అదే రంగంలో ముందు పనిచేసినవాళ్ళకే గెలిచే అవకాశం బాగా ఎక్కువన్న ముక్క స్లయిడులో పట్టదు.

ఇక సదస్సువాళ్ళు అంటగట్టే చెక్క గానుగ. ఇది కోయంబత్తూరు నుంచి లారీలో దిగుతుంది. మధ్యలో చెక్క రోలు, కింద మోటారు, పక్కన యూజర్‌ మాన్యువల్‌. దాంతోపాటు రెండు రోజుల శిక్షణ, పచ్చాకు బొమ్మతో లోగో, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు. మారేడుపల్లి అపార్ట్‌మెంట్‌ సెల్లార్లో బిగిస్తారు. మొదటి రోజు మోటారు మోతకే అసోసియేషన్‌ నోటీసు వస్తుంది. రెండున్నర కిలోల పల్లీలు ఆడితే దగ్గరదగ్గర కిలో నూనె దిగుతుంది, మిగిలింది చెక్క. ఆ చెక్క తినే గేదె మారేడుపల్లిలో లేదు. నూనె ధర మోండా మార్కెట్లో రిఫైన్డ్‌ ప్యాకెట్టు పక్కన పెట్టి చెబితే వినేవాడికి గుండె దడ. కాబట్టి మొదటి నెల బంధువులు కొంటారు. "బావగారూ, మీ నూనె అమృతమండీ!" రెండో నెల బావగారి ఫోను ఎత్తరు.

ఒకప్పుడు ఊరూరా గాండ్లవాళ్ళు ఎద్దు గానుగలు ఆడేవాళ్ళు. ఆ గానుగలు మూలపడుతుంటే మనం డాల్డా డబ్బాలు ఇంటికి మోసుకున్నాం. పని తెలిసినవాడు వాచ్‌మన్‌ కుర్చీలో, తెలియనివాడు గానుగ యజమాని కుర్చీలో. పర్యావరణ విప్లవమంటే ఇదే కాబోలు. 2022 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ ప్లేట్లూ స్ట్రాలూ నిషేధించినప్పట్నుంచి వక్క పట్ట ప్లేట్ల మిషన్లవాళ్ళూ తయారయ్యారు. వక్క కర్ణాటకలో, ప్లేటు సికింద్రాబాద్‌లో, మధ్యలో డీజిలు. మన అడవుల్లోని మోదుగాకుకు లోగో లేకపోవడం దాని ఖర్మ.

నిజంగా పూనుకుని చేసినవాళ్ళు లేకపోలేదు. ఇక్రిశాట్‌లో పరిశోధన చేసిన పీసపాటి నారాయణ 2010లో హైదరాబాద్‌లో బేకీస్‌ పెట్టి, జొన్నపిండితో తినేసే చెంచాలు చేశారు. వరి భూగర్భజలాన్ని తోడేస్తోంది, జొన్నకు గిరాకీ పెంచాలన్నది ఆయన లెక్క. 2016లో వీడియో లోకమంతా తిరిగింది, ఆర్డర్లు మీద పడ్డాయి, తయారీ అందుకోలేక సతమతమయ్యారు. విషయం తెలిసి దిగినవాడి కష్టమే అది. సదస్సులో చెంచా కొరికే వీడియో దగ్గరే ఆపేస్తారు.

గ్రాట్యుటీ దాచుకోవాలంటే పోస్టాఫీసులో సీనియర్‌ సిటిజన్స్‌ సేవింగ్స్‌ స్కీము ఉంది. 2023లో పరిమితి 30 లక్షలకూ, వడ్డీ 8.2 శాతానికీ పెంచారు. ఆ లెక్కన పూర్తి మొత్తం వేస్తే మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తాయి. కానీ అక్కడి గుమాస్తా మనల్ని 'చేంజ్‌మేకర్‌' అనడు. "ఫారం సరిగ్గా నింపి తీసుకురండి" అంటాడు. ఆత్మాభిమానం ఉన్న ఏ ఆఫీసరు భరిస్తాడు?

ఏడాది తిరిగేసరికి ఓఎల్‌ఎక్స్‌లో ప్రకటన: 'కొద్దిగా వాడిన చెక్క గానుగ, వెంటనే అమ్మబడును.' కొనేవాడు దొరుకుతాడు. సదస్సువాళ్ళే సగం ధరకు పట్టుకెళ్ళి, వార్నిష్‌ కొట్టి, వచ్చే నెల హాల్లో మళ్ళీ నిలబెడతారు. సస్టెయినబుల్‌ వ్యాపారం ఎలా ఉంటుందో వాళ్ళకు బాగా తెలుసు.